ఎర్ర ద్వారం కింద ఆరు నిమిషాలు

పోలీసు స్టేషన్ గదిలో భూమేశ్ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు కింద చెక్కపొట్టు ఇంకా పోలేదు.

"పొద్దున్న తొమ్మిదీ నలభై అయింది," అంది సనోబర్, వాచీ చూసుకుంటూ. "రెండు గంటలకు నిన్ను ప్రాసిక్యూషన్‌కు పంపుతారు. ఆ తర్వాత నా మాట ఎవరూ వినరు. అడిగిందానికి సూటిగా జవాబు చెప్పు నాయనా."

"చెప్త అక్కా."

సనోబర్ పోలీసు కాదు. అబుదాబిలో ఓ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ప్రమాదాల మీద దర్యాప్తు చేస్తుంది. సొంతూరు ప్రొద్దుటూరు. పదమూడేళ్ళలో చాలా శవాల వెనక చాలా అబద్ధాలు చూసింది. ముసఫ్ఫాలోని ఓ వడ్రంగి షెడ్డులో మొన్న మంగళవారం చనిపోయిన రాజేశ్వర్ ఫైలు ఇప్పుడు ఆమె ఒళ్ళో ఉంది.

ఆ షెడ్డులో తయారవుతున్నది కుర్చీలూ బల్లలూ కాదు. ఒక పెద్ద మాల్‌లో పెట్టబోయే ప్రదర్శన. జపాన్ చిన్న ఊళ్ళలో తిరిగినట్టు ఉండాలని పాత చెక్క ఇళ్ళ వీధి, బుల్లి రైల్వే స్టేషను, చివర్లో ఒక గుడి, దాని ముందు తోరీ అని పిలిచే ఎర్రటి ద్వారం. రెండు స్తంభాలు, వాటిని కలుపుతూ ఒక అడ్డపట్టె, అన్నిటికన్నా పైన నాలుగువందల కిలోల దూలం. ఆ దూలం కిందే రాజేశ్వర్ ప్రాణం పోయింది.

"మంగళవారం పొద్దున రాజేశ్వర్‌తో గొడవెందుకు పడ్డావు?"

"గొడవ కాదక్కా. అన్న రెండు దినాల సంది అన్నం సరిగ తింటలేడు. ఏమైందే అంటె కస్సుమన్నడు. నేను గూడ ఒర్రిన. గంతే. జగిత్యాల నుంచి నన్ను తెచ్చుకున్నదే అన్న. ఉలి పట్టుడు నేర్పిండు. గాయినను నేనెట్ల సంపుత?"

"నీ చెక్కసుత్తి దూలం కింద దొరికింది. అడ్డపట్టెకు కొట్టిన చెక్కసీల ఊడి పక్కన పడుంది. సీల సరిగ్గా కొట్టలేదు, అందుకే దూలం పడింది అంటున్నారు."

భూమేశ్ తల పైకెత్తాడు. రెండు రోజుల్లో మొదటిసారి వాడి కళ్ళలో కోపం కనబడింది.

"ఎవడన్నడు? సీల కింది పట్టెకక్కా! పైదూలానికి సీలే లేదు. స్తంభం నెత్తి మీద జానెడు బొడిపె ఉంటది. దూలంల దానికి సరిపోను బెజ్జం. మీదికెళ్ళి తొడుగుడే. సీలలన్ని పీకినా అది కదలది. గిదంత హిందీల చెప్పరాక సచ్చిన నేను."

సనోబర్ పెన్ను ఆగింది.

"ఎన్ని గంటలకు చూశావు నువ్వు?"

"పన్నెండున్నరకు ఎండ బ్రేకు. అందరం రెస్టు రూముకు పోయినం. అన్న రాలే. అన్నానికి పిలుద్దామని పోయిన. పోయేటప్పుడు రెస్టు రూము తలుపు కాడ వేలిముద్రల మిషిన్ల వేలు పెట్టిన. ఒకటీ పద్నాలుగు. నేను మొత్తుకుంటె జమీర్ భాయ్ వాళ్ళు ఉరికొచ్చిన్రు. అప్పుడు ఒకటీ ఇరవై."

ఆరు నిమిషాలు. సనోబర్ ఆ అంకె చుట్టూ రెండుసార్లు గీత గీసింది.

* * *

షెడ్డులో అడుగుపెట్టేసరికి పదకొండు. ఆమెకన్నా ముందే అనీష్ వచ్చి ఉన్నాడు. ప్రమాదాల్లో తప్పెవరిదో, నష్టమెంతో తేల్చడానికి షెడ్డు కంపెనీ పెట్టుకున్న సర్వేయరు. హైదరాబాదు మనిషి. మూడేళ్ళుగా ఆమె వెళ్ళిన ప్రతి చోటా ఎదురుగా నిలబడేవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, తొందరగా మూసేసిన ఫైళ్ళు, ఇవీ అతని గుర్తులు.

"సనోబర్ గారూ, మీకీ ఎండలో శ్రమ ఎందుకు చెప్పండి? నా రిపోర్టు ఒంటిగంటకు పోలీసులకు వెళ్ళిపోతుంది. పనివాడి నిర్లక్ష్యం. ఖలాస్."

"నిచ్చెన ఎక్కారా?"

"ఏంటి?"

"స్తంభం పైన చూశారా అని."

"పడిన దూలం కింద ఉంటే పైన చూడ్డానికేముంది?"

ఆమె దుపట్టా నడుముకు చుట్టి నిచ్చెన ఎక్కింది. కుడి స్తంభం నెత్తిన బొడిపె జానెడు ఎత్తున నిలబడే ఉంది. నాలుగు అంచులూ ఉలి వదిలినప్పటి పదునుతోనే ఉన్నాయి. వేలితో తడిమింది. ఒక్క పెచ్చు లేవలేదు. దిగి, ఎడమ స్తంభం ఎక్కింది. అదీ అంతే.

"అనీష్ గారూ, సీసా మూతలో సీసా మెడ ఉంటుంది. మూత పక్కకు పడాలంటే ఏం కావాలి?"

"మెడ విరగాలి."

"మెడలు రెండూ బాగున్నాయి. వచ్చి చూడండి."

అతను ఎక్కాడు. దిగేసరికి చొక్కాకి దుమ్ము అంటింది. దాన్ని దులుపుకోవడం మర్చిపోయాడు.

"అంటే?"

"దూలం పడలేదు. జానెడు పైకి నిటారుగా లేచింది. పక్కకు జరిగింది. తర్వాత కిందికొచ్చింది. నాలుగువందల కిలోలు వాటంతటవే లేవవు."

"మీకు కథలు కావాలి, నాకు రిపోర్టు కావాలి," అన్నాడు అనీష్. కానీ గొంతులో ఇందాకటి ధీమా లేదు. "భూమేశ్ కూడా క్రేన్‌తో లేపగలడుగా?"

"లేపగలడేమో. ముందు క్రేన్ రిమోట్ ఎక్కడుంటుందో చూద్దాం."

రిమోట్ ఎండ బ్రేకులో కరుణ ఆఫీసులో ఉంటుందని తెలిసింది.

* * *

కరుణ ఈ ప్రదర్శనకు రూపకల్పన చేసిన ఆర్కిటెక్టు. విశాఖపట్నం అమ్మాయి. జపాన్ పల్లెల్లో పాత గుళ్ళు వెతుక్కుంటూ ఆమె తిరిగిన వీడియోలు లక్షలమంది చూశారు. మూడేళ్ళ కిందట రాజేశ్వర్‌ను ఆరునెలలు అక్కడికి పంపి, మేకు లేకుండా గుడి కట్టే పని నేర్పించింది కూడా ఆమే. గోడనిండా ఫోటోలు: మంచులో మునిగిన మెట్లు, నాచు పట్టిన రాతి దీపాలు, కొండ అంచున ఒంటరి గుడి.

ఆఫీసు మూల ఒక చిన్న సూట్‌కేసు నిలబడి ఉంది.

"ప్రయాణమా?" అంది సనోబర్.

"జపాన్‌కి. రెండూ ముప్పై అయిదుకి ఫ్లైట్. ప్రారంభానికి అక్కడి పూజారిని తీసుకురావాలి. పోలీసులను అడిగాను. నన్ను అనుమానించేదేమీ లేదని అనీష్ గారు రాసిచ్చారు కాబట్టి వెళ్ళొచ్చన్నారు."

సనోబర్ వెనక్కి తిరిగి అనీష్ వంక చూసింది. అతను ఫోటోల వంక చూశాడు.

"రాజేశ్వర్‌ను చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం పన్నెండూ పదికి. ఇంటికెళ్ళడానికి సెలవు అడిగాడు. ప్రారంభమయ్యాక చూద్దాంలే అన్నాను."

"పన్నెండున్నర నుంచి?"

"ఇక్కడే. జపాన్ వాళ్ళతో వీడియో మీటింగ్. ఒకటిన్నర దాకా. పన్నెండుమంది ఉన్నారు, అడగండి. చెవుల్లో హెడ్‌ఫోన్ ఉండబట్టి దూలం దిగిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. మీటింగ్ అయ్యాక అరుపులు విని పరిగెత్తాను."

"రిమోట్?"

"ఈ సొరుగులో. ఎవరూ రాలేదు, ఎవరూ తీయలేదు."

"షెడ్డులో కెమెరాలు ఎందుకు ఆపించారు?"

"ప్రారంభానికి ముందే డిజైన్ ఫోటోలు బయటికి పోకూడదని. ఆదివారం నుంచీ ఆపాం." కరుణ లేచి నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి, మాట మాత్రం నిలకడగా ఉంది. "మేడం, ఆ మనిషిని నేను తయారు చేసుకున్నాను. ఆయన పోవడం నాకెంత నష్టమో మీకు తెలీదు. ఇంకేమైనా అడగాలా?"

"ఇప్పటికి చాలు."

సూట్‌కేసు చక్రాల చప్పుడు షెడ్డు దాటి బయటికి పోయేదాకా సనోబర్ కదలలేదు.

"ఏంటి, ఆమె మీద పడ్డారా ఇప్పుడు?" అన్నాడు అనీష్.

"రెండు రోజులుగా ఈ దూలం గురించి నాతో మాట్లాడిన ప్రతివాడూ 'పడింది' అన్నాడు. మీ రిపోర్టులో కూడా పడిందనే ఉంది. ఆమె ఒక్కతే 'దిగింది' అంది. క్రేన్‌కు వేలాడేది దిగుతుంది అనీష్. ఊడిపోయింది పడుతుంది."

"ఒక్క మాట పట్టుకుని కోర్టుకెళ్తారా?"

"వెళ్ళను. అందుకే జమీర్‌ను పిలవండి."

* * *

జమీర్ నెల్లూరు మనిషి, క్రేన్ నడుపుతాడు. పిలవగానే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సనోబర్‌ను ఆపా అంటాడు, అక్క అని.

"మంగళవారం బ్రేకుకు ముందు క్రేన్ ఎక్కడ పెట్టావు భాయ్?"

"ఆ చివర షట్టర్ కింద, ఆపా. రోజూ ఆడనే పెట్టేది. పెట్టేసి రిమోట్ మేడం సొరుగులో యేసి రెస్టు రూముకి పోయా."

"భూమేశ్ అరిచాక పరిగెత్తి వచ్చినప్పుడు?"

"ఆడనే ఉండాది. దూలం లేపాలని నేనే కదా దాన్ని ఈడికి తెచ్చింది. అది వచ్చేసరికి రాజేశ్వర్ అన్న..." అతను క్రేన్ వైపు చూశాడు. "ఎంత నొక్కినా యేగంగా రాదు ఆపా ఆ ముండది. సామాను దెబ్బతింటాదని స్పీడు తగ్గించి కట్టినారు."

సనోబర్ ఫోనులో స్టాప్‌వాచ్ తీసింది. "నడిపించు."

పసుపుపచ్చ క్రేన్ కప్పు కింద పట్టాల మీద కదిలింది. ఎండకు రేకుల కప్పు కాగిపోతోంది. అనీష్ మెడ వెనక రుమాలు పెట్టుకున్నాడు. సనోబర్ ఒక చోట నిలబడలేక స్తంభాల మధ్య అటూ ఇటూ తిరిగింది. షట్టర్ దగ్గర్నుంచి ఎర్ర ద్వారం దాకా వచ్చేసరికి అయిదు నిమిషాల నలభై సెకన్లు. మళ్ళీ వెనక్కి పంపించింది. అయిదు నిమిషాల నలభై రెండు.

"రానూ పోనూ పదకొండు నిమిషాల పైన," అంది. "ఆయన్ను ఆ సుత్తితోనో దేనితోనో పడగొట్టి, సీల పీకి పక్కన పడేసి, దూలానికి బెల్టు తగిలించి, లేపి ఆయన మీదికి దించడానికి తక్కువలో తక్కువ మూడు వేసుకోండి. మొత్తం పద్నాలుగు. భూమేశ్ చేతిలో ఉన్నది ఆరు నిమిషాలు. మిగతా పనివాళ్ళంతా ఒకటీ ఇరవై దాకా రెస్టు రూములోనే ఉన్నట్టు వేలిముద్రల మిషన్ చెబుతోంది. అక్కడ వేలు పెట్టనవసరం లేనివాళ్ళు ఆఫీసు మనుషులు. ఆ రోజు ఆఫీసులో ఉన్నది ఒక్కరు. కెమెరా ఆపేసి మీటింగ్‌లోంచి లేచి వెళ్తే ఆ పన్నెండుమందికీ తెలీదు."

అనీష్ జేబులోంచి ఫోను తీసి, పోలీసు స్టేషన్‌కు తనే చేశాడు.

"నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు అరబీలో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. "తప్పు నాదే."

సనోబర్ ఫోను అందుకుని లెక్క చెప్పింది. అవతల ఆఫీసర్ శ్రద్ధగా విన్నాడు. భూమేశ్‌ను ప్రాసిక్యూషన్‌కు పంపడం ఆపుతానన్నాడు. కరుణను ఆపమంటే మాత్రం ఒప్పుకోలేదు. "మీ గడియారం ఒక మనిషిని విడిపిస్తుంది. ఇంకో మనిషిని పట్టివ్వదు. ఆమె ఎందుకు చంపుతుంది? అది చెప్పండి, విమానం దగ్గరికి నేనే వెళ్తాను."

అప్పటికి ఒంటిగంట అయిదు.

* * *

ఎందుకు? ఆ ఒక్క ముక్క సనోబర్‌కు దొరకడం లేదు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన జాబితా మళ్ళీ విప్పింది. రాజేశ్వర్ ఒంటిమీద దొరికినవి: తాయెత్తు, తాళంచెవి, థిన్నర్‌తో తడిసిన గుడ్డ. వేళ్ళకు ఎరుపు, బంగారు రంగు.

"ద్వారానికి రంగు వేయడం ఎప్పుడు అయిపోయింది?" అని జమీర్‌ను అడిగింది.

"పది దినాలైంది ఆపా."

"మరి మంగళవారం ఆయన వేళ్ళకు రంగెక్కడిది? థిన్నర్ గుడ్డ రంగు వేసేవాడి దగ్గర ఉండదు, తుడిచేవాడి దగ్గర ఉంటుంది. ద్వారానికి బంగారు రంగు అసలు లేదు. బంగారు రంగు ఎక్కడుంది ఇక్కడ?"

జమీర్ ద్వారం వెనక ఉన్న గుడి వైపు చెయ్యి చూపించాడు.

చిన్న గుడి. వాలుగా దిగిన కప్పు, మూడు మెట్లు, ముందు వసారా. వసారా దూలాలు రెండు వైపులా బయటికి పొడుచుకు వచ్చి ఏనుగు తలలుగా ముగిశాయి. జపాన్ గుళ్ళలో ఏనుగులేమిటని ఆమెకు ఆశ్చర్యం వేసింది. కుడి ఏనుగు చెవి వెనక చెయ్యి పెట్టి చూసింది. రంగు నున్నగా ఉంది. ఎడమ ఏనుగు చెవి వెనక వేళ్ళకు గరుకుగా తగిలింది.

"టార్చి వెయ్యండి అనీష్."

అరచేతి మేర రంగు తుడిచేసి ఉంది. దాని కింద చెక్క కొత్తది కాదు. వానలూ మంచూ నాకి నాకి బూడిదరంగు తేలింది. మెడ దూలంలో కలిసే సందులో నల్లసిరాతో నిలువుగా రాసిన రెండు వరుసల అక్షరాలు.

"ఇది ఈ ప్రదర్శన కోసం చెక్కింది కాదు," అన్నాడు అనీష్ నెమ్మదిగా.

సనోబర్ నాలుగు ఫోటోలు తీసింది. రాజేశ్వర్ పనిముట్ల పెట్టెలో కొలతల పుస్తకం ఉంది. అట్ట లోపలివైపు తెలుగులో గుండ్రటి రాత: 'హరుకో అక్క', పక్కనే జపాన్ నంబరు. ఫోటోలు పంపి, వీడియో కాల్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. పావుగంటకోసారి చేస్తూనే ఉంది. రెండూ ముప్పైకి విమానం తలుపులు వేసి ఉంటారని ఆమెకు తెలుసు. రెండూ నలభై ఎనిమిదికి ఫోను మోగింది.

తెర మీద అరవై దాటిన ఆడమనిషి. పొట్టి జుట్టు, భుజాన తువ్వాలు. వెనక గోడకు వరుసగా రంపాలు వేలాడుతున్నాయి. ఇంగ్లీషు ఆగి ఆగి మాట్లాడింది. జపాన్‌లో గుళ్ళు మరమ్మతు చేసే వడ్రంగి తను. రాజేశ్వర్ ఆరు నెలలు తన దగ్గరే నేర్చుకున్నాడు. అతన్ని రాజు-సాన్, అంటే రాజు గారు, అని పిలుస్తుంది.

"రాజు-సాన్ ఎక్కడ? సోమవారం ఒక ప్రశ్న అడిగాడు. మళ్ళీ మాట్లాడలేదు."

ఈ మాట చెప్పడం సనోబర్‌కు ఎన్నిసార్లు చెప్పినా అలవాటు కాలేదు.

"అమ్మా, ఆయన లేరు. మంగళవారం చనిపోయారు. ఎవరో చంపారు."

హరుకో భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. తువ్వాలు తీసినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ తడి లేదు.

"ఏం అడిగాడు మిమ్మల్ని?" అంది సనోబర్.

"మా ఊరి కొండ మీది గుడి కాలిపోకముందు అందులోంచి ఏదైనా బయటికి తీశారా అని. లేదు, మొత్తం బూడిదైంది అన్నాను. రెండు చలికాలాల కిందటి సంగతి. గుడి కాపరి ముసలాయన కూడా లోపలే కాలిపోయాడు."

"నేను పంపిన ఫోటో చూశారా?"

హరుకో ఫోటో తెరిచింది. ఆమె పెదవులు అక్షరాల వెంట కదిలాయి. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"ఇది ఎక్కడుంది?"

"నా ఎదురుగా."

"కాదు. ఉండకూడదు. ఇది ఆ గుడి ఏనుగు. చెక్కినవాడి పేరు, సంవత్సరం రాసి ఉన్నాయి. నూట ఎనభై ఏళ్ళ కిందటిది. ఇది కాలిపోయింది."

ఏనుగు కాలలేదంటే, నిప్పు అంటుకోకముందే ఎవరో దాన్ని కోసుకుపోయారు. కోసుకుపోయింది కనబడకూడదనే నిప్పు పెట్టారు. లోపల మనిషి ఉన్నా పెట్టారు. పని నేర్చుకునే రోజుల్లో ఆ గుడిని చూసినవాడు కాబట్టి రాజేశ్వర్ ఆ ఏనుగును గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, నేరుగా వెళ్ళి అడగకూడని మనిషినే అడిగాడు.

"మంటలకు ముందు రోజు గుడికి ఎవరొచ్చారు?"

"వీడియో తీసుకునే అమ్మాయి. మీ దేశపు మనిషి. కరుణ-సాన్. మా ఇంట్లోనే భోజనం చేసింది."

అనీష్ అప్పటికే రెండో ఫోనులో ఆఫీసర్‌తో అరుస్తున్నాడు. "కారణం దొరికింది సార్! విమానం..." అని ఆగిపోయాడు. సనోబర్ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. "ఎగిరిపోయింది. పది నిమిషాలైంది. జపాన్ పోలీసులకు చెబుతానంటున్నాడు. కాగితాలు కదలాలట."

"కరుణ మీకు ఈమధ్య ఫోను చేసిందా?" సనోబర్ తెర దగ్గరికి వంగింది.

"నిన్న. రాజు-సాన్ నాకోసం ఏదో వస్తువు పంపాడంది. తనే తెచ్చిస్తానంది. రేపు సాయంత్రం వస్తుంది."

"ఇంకేం అడిగింది?"

"ఒక్కదాన్నే ఉంటున్నానా అని. అవునన్నాను."

"అమ్మా, నా మాట వినండి. ఇప్పుడే ఇల్లు వదిలి వెళ్ళండి. బంధువుల ఇంటికో, పోలీసు స్టేషన్‌కో. ఆమె వస్తే తలుపు తీయొద్దు. వింటున్నారా?"

హరుకో వినడం లేదు. లేచి వెనక్కి వెళ్ళి గోడ మీంచి ఏదో తీసింది. మళ్ళీ తెర ముందుకు వచ్చినప్పుడు ఆమె చేతిలో వెడల్పాటి ఉలి ఉంది. దాని అంచును బొటనవేలితో, ఎన్నో ఏళ్ళ అలవాటుగా, చూసుకుంది.

"గుడి కాపరి ఎవరో మీరు అడగలేదు," అంది. "ఆయన మా నాన్న."

"హరుకో గారూ..."

"రెండేళ్ళుగా నేను అనుకుంటున్నాను, దీపం ఆర్పడం ఆయనే మర్చిపోయాడని. ఊరంతా అదే అనుకుంది. ఆయన సమాధి దగ్గర నిలబడి ఆయన్నే తిట్టాను నేను." ఆమె తల వంచి నమస్కరించింది. "చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆమెను రానివ్వండి."

తెర నల్లబడింది.

సనోబర్ మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగింది. ఇంకోసారి చేసింది. ఈసారి మోగనే లేదు.

"ఏమంది?" అన్నాడు అనీష్.

సనోబర్ ఆఫీసర్ నంబరు తీసింది. పోలీసులకు ఫోను చేయాలి, ఇప్పుడే, ఈ క్షణమే. కానీ ఏమని చెప్పాలి? రేపు సాయంత్రం ఆ ఇంటి తలుపు తెరుచుకున్నాక, లోపల ఎవరి ప్రాణం కాపాడమని చెప్పాలి?